ట్రంకుపెట్టెలో ఏమి దాచుకున్నాం?



కొన్నేళ్ళ క్రితం నేను సేవ చేసిన ఒక విచారణలో ఒక పెద్దాయన కన్నుమూశాడు. రైతు. సంతకం చేయడం తప్ప చదువు రాదు. ముప్పయ్యో దినపు పూజ ముగిశాక ఆయన కుమారులిద్దరూ నన్నూ, ఆ ఊరి ఉపదేశిగారినీ ఇంటికి పిలిచారు. ప్రార్థన చేసి, తీర్థం చల్లి బయలుదేరబోతుంటే, "ఫాదర్‌గారూ, కాసేపు కూర్చోండి. నాన్న పెట్టె తెరుస్తాం. మీరుంటే బాగుంటుంది" అన్నాడు పెద్దవాడు. ఎందుకు బాగుంటుందో నాకు తెలుసు. పొలం పంపకం విషయంలో అన్నదమ్ములకు కొంతకాలంగా మాటలు లేవు.

అది పాత ట్రంకుపెట్టె. పైన పట్టాదారు పాసుపుస్తకం, దాని కింద శిస్తు రసీదులు, కాలదోషం పట్టిన ప్రామిసరీ నోట్లు రెండు, కూతురి పెళ్ళినాటి చదివింపుల పుస్తకం, పిల్లల జ్ఞానస్నాన పత్రాలు. అన్నిటికీ అడుగున ఒక తెల్లగుడ్డ మూట. ఏదో ఆస్తి కాగితం అనుకుని ఇద్దరూ ముందుకు వంగారు. విప్పితే ఒక్క ఇన్‌లాండు ఉత్తరం. మడతల దగ్గర చిరిగిపోయిన చోట అన్నం మెతుకులతో అంటించి ఉంది.

పెద్ద కుమారుడు ఎనిమిదో తరగతిలో హాస్టలు నుండి వ్రాసిన జాబు అది. ఫీజు డబ్బులు పంపమని, దుప్పటి చిరిగిపోయిందని వ్రాసి, చివర ఒక్క ముక్క చేర్చాడు: "నాన్నా, నువ్వు ఎండలో ఎక్కువ తిరగొద్దు. నేను పెద్దయ్యాక నిన్ను చూసుకుంటాను."

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఉపదేశిగారు మెల్లగా అన్నారు: "ఈ జాబు నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు ఫాదర్. పంట పోయిన ఏడు వచ్చాడు. అప్పులవాళ్ళు ఇంటి ముందు కూర్చున్న రోజు వచ్చాడు. ఇంటామె పోయినప్పుడు వారం రోజులు వరుసగా వచ్చాడు. దీపాలు పెట్టే వేళకు వచ్చి, 'ఉపదేశిగారూ, మావాడి జాబు ఒక్కసారి చదివిపెట్టండి' అనేవాడు. 'పాతదే గదా, మీకు నోటికి వచ్చు గదా' అంటే, 'పాతదేలెండి, చదవండి' అనేవాడు. వినేవాడు, తువ్వాలుతో ముఖం తుడుచుకునేవాడు, లేచి వెళ్ళిపోయేవాడు."

పెద్దవాడు ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. "నేనిది వ్రాసినట్టు నాకు గుర్తే లేదు ఫాదర్. ఆ తరువాత ఇలాంటి మాట ఒక్కటి కూడా ఆయనకు వ్రాయలేదు, చెప్పలేదు" అన్నాడు.

ఆ రోజు పొలం సంగతి ఎవరూ ఎత్తలేదు. తరువాత పెద్దల సమక్షంలో పంపకం జరిగింది. అందులో కొంత పట్టుదల, కొంత గొడవ మామూలే. ఆ ఉత్తరం వారి జీవితాలలో పెద్ద అద్భుతమేదో చేసిందని నేను చెప్పను. కాని పదమూడేళ్ళ పిల్లవాడు వ్రాసిన ఒక్క వాక్యం ఒక మనిషిని ముప్పై ఏళ్ళపాటు నిలబెట్టింది. ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదలలేదు. ఈ వారం దాని గురించే మీతో నాలుగు మాటలు పంచుకోవాలనుకుంటున్నాను.

మనం భద్రపరిచే కాగితాలు

మన ఇళ్ళలో కాగితాలు దాచడం అందరికీ తెలిసిన విద్యే. భూమి కాగితాలు దాస్తాం, బంగారం తాకట్టు రసీదులు దాస్తాం. చదివింపుల పుస్తకం మరీ జాగ్రత్తగా దాస్తాం. ఎవరు నూటపదహారు చదివించారో, ఎవరు ఇత్తడి బిందె పెట్టారో అందులో ఉంటుంది. రేపు వారింట శుభకార్యమైతే అంతకు తగ్గకుండా తిరిగి పెట్టాలి గదా!

మనసులో కూడా ఇలాంటి పెట్టె ఒకటి ఉంది. అందులో మనం ఎక్కువగా ఏమి దాస్తున్నాం? పదిహేనేళ్ళ క్రితం తోడికోడలు అన్న ఎత్తిపొడుపు మాట, ఆనాటి వారం, తిథి, అప్పుడు పొయ్యి మీద ఉడుకుతున్న కూరతో సహా గుర్తుంటుంది. బావగారు పదిమందిలో తీసిపారేసిన మాట గుర్తుంటుంది. ఆ ప్రామిసరీ నోట్లకు కాలదోషం పట్టనివ్వం. ఎప్పటికప్పుడు వడ్డీ కట్టి తిరగవ్రాసుకుంటూ ఉంటాం. కాని జ్వరంతో పడి ఉన్నప్పుడు అదే తోడికోడలు గంజి కాచి ఇచ్చి "నువ్వు లేకపోతే ఈ ఇల్లు ఇల్లులా లేదే" అన్న మాట సాయంత్రానికే మరచిపోతాం.

దేవుని పద్ధతి దీనికి పూర్తిగా తలక్రిందులు. ఆయన ఏమి చించివేస్తాడో, ఏమి దాచుకుంటాడో పరిశుద్ధ గ్రంథంలో చూడండి. మనకు వ్యతిరేకంగా ఉన్న ఋణపత్రాన్ని క్రీస్తు సిలువకు మేకులతో కొట్టి రద్దు చేశాడని పునీత పౌలు వ్రాశాడు (కొలొస్సీ 2:14). మరి దాచుకునేవి? తనకు భయపడి ఒకరితో ఒకరు మాట్లాడుకున్నవారి మాటలను ప్రభువు ఆలకించి, వారి పేర్లను జ్ఞాపకార్థ గ్రంథంలో వ్రాయించాడని మలాకీ ప్రవక్త చెబుతున్నాడు (3:16). మన కన్నీళ్ళను కూడా ఆయన బుడ్డిలో పట్టి దాచుకుంటాడని కీర్తనకారుని నమ్మకం (కీర్తన 56:8). బెతానియాలో ఒక స్త్రీ క్రీస్తు తలమీద పరిమళ తైలం పోసినప్పుడు చుట్టూ ఉన్నవారు ఖర్చు లెక్కలు కట్టారు. ప్రభువు మాత్రం, సువార్త ప్రకటించబడే ప్రతిచోటా ఆమె చేసిన పని చెప్పుకుంటారని మాట ఇచ్చాడు (మార్కు 14:9). దేవుడు చించేది అప్పుపత్రం, దాచుకునేది ప్రేమ. మనం తరచుగా చేస్తున్నది దీనికి విరుద్ధం గదా!

ఎడారికి ముందు ఒక మాట

"ఫాదర్‌గారూ, మనల్ని మెచ్చుకున్న మాటలు మనమే దాచుకుని చదువుకోవడం గర్వం కాదా?" అని ఒక సోదరి ఒకసారి నన్ను అడిగింది. మంచి ప్రశ్న. మెప్పు కోసం ప్రాకులాడడం పాపమే. కాని ప్రేమతో పలికిన మాట వేరు, పొగడ్త వేరు. పొగడ్త మన పని చూసి, హోదా చూసి వస్తుంది. అవి పోతే అదీ పోతుంది. ప్రేమతో పలికిన మాట మనలను చూసి వస్తుంది. మనం పడిపోయిన రోజున కూడా అది చెల్లుతుంది.

యోర్దాను నదిలో క్రీస్తు ప్రభువు బప్తిస్మం పొందిన ఘట్టం గుర్తుచేసుకోండి. అప్పటికి ఆయన ఒక్క బోధ చేయలేదు, ఒక్క రోగిని ముట్టి స్వస్థపరచినట్టు సువార్తలో లేదు. ఏ ఘనకార్యమూ జరగకముందే తండ్రి, నీవు నా ప్రియమైన కుమారుడవని, నీ యందు నేను ఆనందిస్తున్నానని పలికాడు (లూకా 3:22). ఆ వెంటనే ఏమి జరిగింది? ఎడారి. నలభై రోజుల ఆకలి. అక్కడ సైతాను మొదట దెబ్బ కొట్టింది సరిగ్గా ఆ మాటమీదనే. నీవు దేవుని కుమారుడవే అయితే ఈ రాళ్ళను రొట్టెలు చేయమన్నాడు. గమనించారా? కుమారుడు అన్నాడేగాని 'ప్రియమైన' అనే మాట వాడి నోట రాలేదు. ఆ ఒక్క మాటను మరపింపజేస్తే చాలని వాడికి తెలుసు.

ప్రభువు ఎలా జవాబిచ్చాడు? మూడు శోధనలకూ మూడు జవాబులు. మూడూ ద్వితీయోపదేశకాండము నుండి తీసినవే. అవి ఎడారిలో అప్పటికప్పుడు వెతికి తెచ్చుకున్నవి కావు. నజరేతు ఇంటిలో, ప్రార్థనా మందిరంలో బాల్యం నుండి విని మనసులో దాచుకున్నవి. దాచుకున్న మాట ఆకలి రోజున అన్నమయింది. ఆ నజరేతు ఇంటి తల్లి కూడా అలాంటిదే. గొల్లలు చెప్పిన మాటలను, పన్నెండేళ్ళ కుమారుడు దేవాలయంలో పలికిన మాటను మరియమాత తన హృదయంలో భద్రపరచుకున్నదని లూకా రెండుసార్లు వ్రాశాడు (2:19, 2:51). సిలువ క్రింద నిలబడిన రోజున ఆ తల్లికి అవి ఎంత అవసరమై ఉంటాయో మనం ఊహించుకోవచ్చు.

కాబట్టి మంచి మాటను దాచుకోవడం గర్వం కాదు. ఎడారి వస్తుందని తెలిసినవాడు కట్టుకునే చద్దిమూట అది.

ఇద్దరు పునీతుల మూటలు

మన బైబిలులోని నూతన నిబంధనలో 27 గ్రంథాలు ఉంటే అందులో 21 ఉత్తరాలే. ఎవరో దాచుకున్నారు గనుకనే అవి మనదాకా వచ్చాయి. ఫిలేమోనుకు పునీత పౌలు వ్రాసిన జాబు చూడండి. ఒకే అధ్యాయం, 25 వచనాలు. ఇంటినుండి పారిపోయిన ఒనేసిము అనే బానిసను సోదరునిగా తిరిగి చేర్చుకోమని ఒక స్నేహితునికి చెరసాలనుండి వ్రాసిన సొంత ఉత్తరం. చదివి పక్కన పడవేసి ఉంటే ఈనాడు మనకు లేదు. ఆ పౌలే తన కడపటి రోజులలో తిమోతికి వ్రాస్తూ, త్రోవలో కర్పు ఇంట వదలివచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మని కోరాడు (2 తిమోతి 4:13). ఆ కాగితాలలో ఏమున్నదో గ్రంథం చెప్పలేదు. కాని చలి ముంచుకొస్తున్న చెరసాలలో ఒంటికి అంగీ, మనసుకు కాగితాలు, రెండూ కావాలని ఆ మహానుభావుడు సిగ్గుపడకుండా అడిగాడు. అదే జాబు మొదట్లో, తిమోతి కన్నీటిని, అతని అమ్మమ్మ లోయి విశ్వాసాన్ని, తల్లి యునీకే విశ్వాసాన్ని పేరు పేరునా తలచుకున్నాడు.

రెండవవారు మన భారతదేశానికి ఎంతో ప్రియమైన పునీత ఫ్రాన్సిసు శౌరివారు. శౌరి పేరు లేని కతోలిక గ్రామం మన ప్రాంతంలో అరుదు. ఆయన 1540లో రోము నగరం విడిచారు. 1542 మే నెలలో గోవా చేరారు. మత్స్యకారుల తీరంలో, మలక్కాలో, తూర్పు దీవులలో, జపానులో తిరిగారు. తనకు ఆత్మలో తండ్రి అయిన పునీత లొయోలా ఇన్యాసివారిని ఆ తరువాత మళ్ళీ ఈ లోకంలో చూడలేదు. ఆ రోజుల్లో ఒక ఉత్తరం ఓడమీద వచ్చి చేరాలంటే నెలలు కాదు, సంవత్సరాలు పట్టేవి.

అప్పుడు శౌరివారు ఏమి చేశారో తెలుసా? సహచరులు తమ చేతులతో వ్రాసిన ఉత్తరాల నుండి వారి సంతకాలను కత్తిరించి, తన మాటపట్టు పత్రంతో కలిపి, ఆదరణ కోసం ఎల్లప్పుడూ తనతో మోసుకుని తిరిగారు. ఈ సంగతి ఆయనే 1546లో అంబోయినా దీవి నుండి సహచరులకు వ్రాశారు. ఆ దీవి ఇప్పుడు ఇండోనేషియా దేశంలో ఉంది. మరోసారి, జపాను నుండి తిరిగివచ్చినప్పుడు ఇన్యాసివారి ఉత్తరం ఆయన చేతికి అందింది. నిన్ను ఎన్నటికీ మరువలేనివాడనని ఇన్యాసివారు చివర వ్రాసిన మాటను కన్నీళ్ళతో చదివానని, కన్నీళ్ళతోనే ఈ జవాబు వ్రాస్తున్నానని శౌరివారు 1552 జనవరిలో కొచ్చి నుండి బదులు వ్రాశారు. తుఫానులకు, ఓడదొంగలకు జంకని మనిషి ఒక్క వాక్యానికి ఏడ్చారు. అది బలహీనత అనుకుందామా? ఆ మాటలే ఆయనకు తెడ్డు, తెరచాప.

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. గురుపట్టాభిషేకం పొందిన కొత్తలో మొదటి బదిలీ వచ్చినప్పుడు, సన్యాసికి ఈ బంధాలెందుకని పెద్ద విరక్తునిలా తలచి, నా దగ్గరున్న ఉత్తరాల కట్టను గురుగృహం వెనుక తగులబెట్టాను. అందులో మా అమ్మ వ్రాసిన కార్డులు ఉన్నాయి. అక్షరాలు సరిగా కుదరవు, ప్రతిదానిలోనూ "వేళకు తిను నాయనా" అనే ఉండేది. అమ్మ పోయి చాలా కాలమయింది. ఈనాడు ఆమె చేతివ్రాత ఒక్క అక్షరం నా దగ్గర లేదు. సమస్తం త్యజించిన శౌరివారు సంతకాలు దాచుకున్నారని చదివిన రోజున నాకు తెలిసివచ్చింది, నేను తగులబెట్టింది బంధాన్ని కాదు, దేవుడు నాకిచ్చిన వరాన్ని అని.

పురుగు పట్టే మన్నా, పురుగు పట్టని మన్నా

అయితే దాచుకోవడంలో ఒక మెళకువ ఉంది. ఇశ్రాయేలు ప్రజలు ఎడారిలో మన్నాను రేపటికని దాచుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది (నిర్గమ 16:20). అదే మన్నాను ఒక పాత్ర నిండా ప్రభువు సన్నిధిలో భద్రపరిచితే తరతరాలకు సాక్ష్యమయింది (16:33). మన్నా ఒక్కటే, దాచిన ఉద్దేశం వేరు.

పాత ఉత్తరాలు ముందు పెట్టుకుని "ఆ రోజులే వేరు, ఇప్పుడు నన్ను పట్టించుకునేవారెవరు" అని కోడలిముందు కుమిలిపోతే, అది పురుగు పట్టిన మన్నా. "చూడండి, మా అబ్బాయి అప్పట్లో ఇలా వ్రాశాడు, ఇప్పుడు ఫోను కూడా చేయడు" అని పదిమందికి చూపించి దెప్పితే, ప్రేమపత్రాన్ని మళ్ళీ ప్రామిసరీ నోటు చేసినట్టే. దాచుకున్న మాటను దేవుని సన్నిధిలో పెట్టి చదవాలి. "ప్రభూ, ఈ మనిషి ద్వారా నీవు నన్ను ఇంతగా ప్రేమించావు. నేటికి నాకిది చాలు" అనుకుని లేచి పనికి పోవాలి. ఆ పెద్దాయన చేసింది అదే. విన్నాడు, ముఖం తుడుచుకున్నాడు, లేచి వెళ్ళాడు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఏలీయా ప్రవక్త ఎడారిలో చెట్టుక్రింద కూలబడి, చావు కోరుకున్నప్పుడు దేవదూత ముందుగా ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు (1 రాజులు 19). ఎవరికైనా వారాల తరబడి నిద్రపట్టక, తిండి సహించక, బ్రతుకు మీద ఆశపోతే, ఉత్తరాలు చదువుకో, జపమాల చెప్పుకో అని ఊరుకోకండి. వారిని ఒంటరిగా వదలకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. మందు వాడడం విశ్వాసలోపం కాదు. ప్రేమగల మాట మందుకు తోడు వస్తుందేగాని మందు స్థానంలో కూర్చోదు.

ఒక్క ఉత్తరమూ రానివారు

ఈ మాటలు చదువుతూ, "నాకెవరు వ్రాశారు ఫాదర్? నా పెట్టెలో అలాంటి గుడ్డమూట లేదు" అనుకునేవారు తప్పక ఉంటారు. చిన్ననాటనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నవారు, బిడ్డలు లేని వృద్ధులు, కట్టుకున్నవారి నోట ఒక్క చల్లని మాటకు నోచుకోని స్త్రీలు ఉన్నారు. వారికి నేను తేలికగా ఓదార్పు చెప్పలేను.

ఒకటి మాత్రం చెప్పగలను. జ్ఞానస్నాన తొట్టి దగ్గర గురువు మిమ్మును పేరుపెట్టి పిలిచాడు. ఆనాడు క్రీస్తుకు యోర్దానులో వినిపించిన మాటలో మీకూ భాగం దొరికింది. తల్లి తన చంటిబిడ్డను మరచినా నేను నిన్ను మరువనని, నిన్ను నా అరచేతులమీద చెక్కుకున్నానని ప్రభువు యెషయా ద్వారా పలికాడు (49:15-16). మనం కాగితం మీద వ్రాసుకుంటాం, ఆయన చేతిమీదనే వ్రాసుకున్నాడు. ఉత్థాన క్రీస్తు తోమాసుకు చూపిన చేతులు ఆ గాయాల చేతులే గదా!

కాని విచారణ ప్రజలమైన మనం ఇంతటితో చేతులు దులుపుకోవడానికి వీలులేదు. మీరే క్రీస్తు వ్రాసిన ఉత్తరమని, సిరాతో కాక సజీవ దేవుని ఆత్మతో వ్రాయబడ్డారని పునీత పౌలు కొరింతు విశ్వాసులతో అన్నాడు (2 కొరింతీ 3:3). ఒక్క ఉత్తరమూ రానివారింటికి దేవుడు పంపవలసిన ఉత్తరం ఎవరు? మీరూ, నేనూ. మన గుమ్మం దాటకపోతే ఆ ఉత్తరం బట్వాడా కానట్టే.

ఈ వారం మన ఇంట

ఇప్పుడు ఇన్‌లాండు ఉత్తరాలు వ్రాసేవారు అరుదు. ఒకప్పుడు మనియార్డరు ఫారం అడుగున కూపను మీద నాలుగు మాటలు ఇరికించి వ్రాసేవారు. డబ్బులు ఖర్చయిపోయినా ఆ ముక్క దేవుని పటం వెనుక ఏళ్ళతరబడి ఉండేది. ఈనాడు కువైట్‌లో ఇంటిపని చేసే తల్లి, దుబాయిలో ఉన్న భర్త, బెంగుళూరులో నర్సుగా ఉన్న కూతురు, అందరూ వాట్సాప్‌లోనే పలకరిస్తున్నారు. గొంతే వినిపిస్తుంది, ముఖమే కనిపిస్తుంది. ఎంతో మేలు. కాని రోజుకు వంద పూల బొమ్మలు, శుభోదయాలు వచ్చి ఫోను నిండిపోతుంది. ఒకరోజు అన్నీ కలిపి తుడిచేస్తాం. వాటితోపాటే అమ్మ గొంతు కూడా పోతుంది. కాబట్టి కొన్ని చిన్న పనులు సూచిస్తున్నాను.

మొదటిది, ఇంటికి ఒక నోటుపుస్తకం పెట్టండి. ప్రేమతో ఎవరైనా అన్న మాటను, అన్నవారి పేరు, తేదీతో నాలుగు పంక్తులలో వ్రాసుకోండి. ఫోనులో వచ్చినదైతే చేతితో ఎత్తి వ్రాయండి. గొంతు రూపంలో ఉన్న ముఖ్యమైన సందేశాలను పిల్లలచేత వేరే చోట కూడా భద్రం చేయించండి. చదువురాని పెద్దలుంటే వారు చెప్పినది మనవలు వ్రాసిపెట్టండి. చదువుకున్న పిల్లవాడు తాతకు ఉపదేశిగారు కావడం ఎంత మంచి సేవ!

రెండవది, ఆ పుస్తకాన్ని చదువుకోవడానికి ఒక వేళ పెట్టుకోండి. పుట్టినరోజున, జ్ఞానస్నానం పొందిన రోజున, పెళ్ళిరోజున, నవంబరు 2న మృతుల స్మరణ దినాన జపమాల చెప్పుకున్నాక ఒక పుట చదవండి. మనసు బరువెక్కిన రాత్రి మంచం ఎక్కే ముందు ఒక పుట చదవండి. పాతదేగదా అనుకోవద్దు. పరలోక జపం కూడా పాతదే. రోజూ చెప్పుకోవడం లేదా?

మూడవది, దాచుకోదగిన మాట ఒకటి మీరే ఈ వారం ఎవరికైనా వ్రాయండి. ఎలా వ్రాయాలో తెలియకపోతే రోమీయులకు వ్రాసిన లేఖ 16వ అధ్యాయం చూడండి. పౌలు అక్కడ అందరికీ కలిపి ఒక్క నమస్కారం పెట్టి ఊరుకోలేదు. ప్రిస్కా, అక్విలా తన కోసం ప్రాణాలకు తెగించారన్నాడు. మరియ ఎంతో కష్టపడిందన్నాడు. రూఫు తల్లి తనకూ తల్లే అన్నాడు. ఇరవై మందికి పైగా పేర్లు, చాలామందికి వారు చేసిన మేలు కూడా. మనమూ అలాగే వ్రాయాలి. "నువ్వు మంచిదానివి" అంటే గాలికి పోతుంది. "నాన్న ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ నువ్వు క్యారియరు తెచ్చావు. నేను మరచిపోలేదు" అంటే పెట్టె అడుగుకు చేరుతుంది.

నాలుగవది, సత్యోపదేశ తరగతుల పిల్లలచేత, ఇంటిదగ్గరే దివ్యసత్ప్రసాదం స్వీకరించే రోగులకూ వృద్ధులకూ ఒక్కొక్క కార్డు వ్రాయించమని ఉపదేశకులను, మఠకన్యలను వేడుకుంటున్నాను. అరగంట పని. ఏ కార్డు ఎవరి దిండుక్రింద ఎన్నేళ్ళు ఉంటుందో మనకు తెలియదు.

ఆలస్యం చేయవద్దు

శౌరివారి చరిత్రలో ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. 1553 జూన్ నెలాఖరున ఇన్యాసివారు రోమునుండి ఆయనకు మరొక ఉత్తరం వ్రాశారు. ఐరోపాకు తిరిగి రమ్మని పిలిచారు. కాని అప్పటికి ఆరు నెలలు దాటింది, 1552 డిసెంబరు 3న చైనా తీరాన సాన్షియన్ దీవిలో శౌరివారు కన్నుమూసి. ఆ కబురు ఇంకా రోము చేరలేదు. ఇన్యాసివారు ఆ పిలుపును ఈ లోకంలో లేని కుమారునికి వ్రాశారు.

అయితే అంతకుముందు వ్రాసిన మాట ఒకటి వేళకు అందింది గదా! మలక్కాలో కన్నీళ్ళతో చదివిన ఆ ఒక్క వాక్యం. ఈ ఉత్తరం ఆలస్యమైనా ఆ ఉత్తరం ఆలస్యం కాలేదు.

మనకు ఓడల ఆలస్యం లేదు. మన ఆలస్యమంతా మనసుదే. రేపు చెబుదాం, పండుగకు చెబుదాం, ఆయన కోపం తగ్గాక చెబుదాం అనుకుంటూ ఉంటాం. చివరకు శవపేటిక దగ్గర నిలబడి గుండెలు బాదుకుంటూ అన్నీ చెబుతాం. వినేవారు ఉండరు. ఈ ఆదివారం పూజనుండి ఇంటికి వచ్చాక, భోజనానికి కూర్చునేముందు, ఒక్కరికి ఒక్క మాట చెప్పండి, లేదా వ్రాయండి. అన్నం మెతుకులతో అంటించి దాచుకోదగిన మాట అయితే చాలు.

ప్రార్థించుకుందాం: ప్రేమస్వరూపివైన తండ్రీ, నీ ప్రియకుమారునికి ఎడారికి ముందే ప్రేమ మాట వినిపించిన దేవా, మా తల్లిదండ్రుల, తోబుట్టువుల, స్నేహితుల నోట నీవు మాకు పంపిన మంచి మాటలకై వందనాలు. వాటిని మరచి పగలను దాచుకున్నందుకు మమ్ము క్షమించు. మా మనసులోని ఋణపత్రాలను నీ కుమారుని సిలువపాదం దగ్గర చించివేయుము. కుంగిన వేళ నీ ప్రేమను గుర్తుచేయుము. ఎవరూ పలకరించనివారికి మమ్మును నీ ఉత్తరంగా పంపుము. అన్నిటిని హృదయంలో భద్రపరచుకొనిన మరియమాతా, మాకొరకు ప్రార్థించుము. ఈ మనవులను మా నాథుడైన యేసుక్రీస్తు ద్వారా వేడుకొంటున్నాము. ఆమెన్.